పేరు చెబితేనే తెరుచుకునే దుకాణం

కరోనా భయం తగ్గి, ఊళ్ళల్లో జాతరలు మళ్ళీ మొదలైన ఏడాది అది. తెనాలిలో మందుల షాపు మేడ మీద ఒక గది, రెండు కంప్యూటర్లు, ఎదుటివాళ్ళ మాట వినపడనివ్వని ఒక కూలర్. ఇదీ నా ఆఫీసు. నేను చేసే పనిని సెర్చ్ ఇంజిన్ ఆప్టిమైజేషన్ అంటారు. మా అత్తగారు మాత్రం చుట్టాలతో 'కోడలు నెట్ సెంటర్ పెట్టింది' అనే చెబుతారు, నేనూ దిద్దడం మానేశాను. అసలు సంగతేమిటంటే, ఆన్‌లైన్‌లో దుకాణం పెట్టుకున్నవాళ్ళ సరుకు జనం వెతికినప్పుడు కంటపడేలా చెయ్యడం. చీరలవాళ్ళు, పచ్చళ్ళవాళ్ళు, రొయ్యల చెరువులకు మోటార్లు అమ్మేవాళ్ళు చాలామంది నా మెట్లెక్కారు. పని అయిపోయాక వాళ్ళు నన్ను మర్చిపోయారు, నేను వాళ్ళను మర్చిపోయాను. రేపల్లె నుంచి వచ్చిన స్రవంతి పని ఒక్కటే అలా మర్చిపోలేకపోయాను.

స్రవంతికి పాతికేళ్ళుంటాయేమో. అరచేతుల నిండా కాయలు. కంప్యూటర్ పని చేసే పిల్ల చేతులు కావే అనుకున్నాను.

"మా నాన్న అమ్మవార్ల నగలు చేస్తారక్కా. కిరీటాలు, హస్తాలు, పాదాలు, వెండి కళ్ళు, ముక్కుపుడకలు. నేను సైటు కట్టి ఏడాది దాటింది. ఒక్క ఆర్డరూ రాలేదు. ఫొటోలు బాలేవంటారా?" అంది.

సైటు తెరిచాను. పైన వెలుగుతున్న ప్రమిద బొమ్మ. దాని కింద రెండే మాటలు, 'ఏ అమ్మవారికి?' అని. కింద ఒక ఖాళీ గడి. అంతే, ఇంకేమీ లేదు. గడిలో 'పోలేరమ్మ' అని కొట్టాను. అప్పుడు ఒకదాని తరవాత ఒకటి తెరుచుకున్నాయి. పడగల కిరీటం, వేళ్ళకు ఉంగరాలతో సహా చెక్కిన వెండి హస్తాలు, రెప్పల గీత కూడా తెలిసేటట్టున్న కళ్ళు. ఫొటోలు బాగుండటం కాదు, నేను కాసేపు పని సంగతే మర్చిపోయి చూస్తూ ఉండిపోయాను.

"ఈ గడి ఎందుకు పెట్టావమ్మా?"

"దుకాణానికి ఎవరొచ్చినా నాన్న ముందు అదే అడుగుతారు కదక్కా. పేరు చెబితేనే మూట విప్పుతారు. సైటూ అలాగే పెట్టమన్నారు."

జబ్బేమిటో నాకు అక్కడే తెలిసిపోయింది. సెర్చ్ ఇంజిన్‌కి క్రాలర్ అని ఒక ప్రోగ్రాం ఉంటుంది. అది ఒక పేజీ తెరిచి, అందులో ఉన్న లింకులు పట్టుకుని పక్క పేజీకి పోతుంది, అక్కణ్ణించి ఇంకో పేజీకి. చూసినవాటిలో పనికొస్తాయనుకున్నవాటిని తన పట్టీలోకి ఎక్కించుకుంటుంది. దాన్నే ఇండెక్సింగ్ అంటాం. ఆ పట్టీలో లేని పేజీ వెతికేవాళ్ళకు కనబడదు, లోపల బంగారం పెట్టినా సరే. ఆ క్రాలర్ లింకు ఉంటే ఎంత లోపలికైనా వెళుతుంది గాని, 'ఏ అమ్మవారికి?' అని అడిగితే జవాబు చెప్పదు. గడి ముందు నిలబడి, లోపల ఇంకేమీ లేదనుకుని వెనక్కి పోతుంది. స్రవంతి దుకాణంలో సెర్చ్ ఇంజిన్ చూసిందల్లా ఆ ప్రమిద ఒక్కటే.

"సైట్‌మ్యాప్ ఇచ్చానక్కా," అంది స్రవంతి. సైట్‌మ్యాప్ అంటే మన పేజీల చిరునామాలన్నీ వరసగా రాసి సెర్చ్ ఇంజిన్‌కి అప్పజెప్పడం. అది కూడా చేసిందంటే తెలివైన పిల్లే.

"చిరునామాలు ఇచ్చావు, సరే. ఆ గదుల్లోకి నీ ఇంట్లోంచే దారి లేదు. ఇంట్లోవాళ్ళు తొక్కని గది పెద్ద ముఖ్యమైంది కాదులే అనుకుని క్రాలర్ వదిలేసింది. ఏ లింకూ వెళ్ళని ఇలాంటి పేజీల్ని ఆర్ఫన్ పేజీలంటాం. అనాథలన్నమాట."

ఆ మాటకు స్రవంతి ముఖం చిన్నబోయింది. "ఆ మాట నాన్న ముందు అనకండక్కా," అంది. తరవాత అసలు కష్టం చెప్పుకొచ్చింది. ఒకప్పుడు దివిసీమ నుంచి బాపట్ల ఒడ్డు దాకా అమ్మవార్ల నగలు వాళ్ళింట్లోనే తయారయ్యేవట. ఇప్పుడు గుడి కమిటీలవాళ్ళు ఫోన్లో చూసి ఎక్కడెక్కడి నుంచో మిషను మీద కొట్టిన సరుకు తెప్పించుకుంటున్నారు. తండ్రి వీరాచారి గారికి విసుగొచ్చేసింది. తాతల నాటి కంచు అచ్చులున్నాయి వాళ్ళింట్లో. వెండి రేకును అచ్చు మీద పెట్టి కొడితే రూపం వస్తుంది, ఆ పైన ఉలితో నగిషీ చెక్కుతారు. ఆ అచ్చులన్నీ ఉగాది వెళ్ళాక పాత సామాను కొనే వ్యాపారికి ఇచ్చేస్తానని ఆయన మాట ఇచ్చేశాడు. ఆ వ్యాపారి వాటిని కరిగించేస్తాడు.

"నగిషీ పని నాకు వచ్చక్కా. బాపట్లలో ఆఫీసు ఉద్యోగం చేసి చూశా, నా వల్ల కాలేదు. నాకు ఈ పనే కావాలి. అచ్చులు పోతే ఇంక నేను చెయ్యడానికి ఏముంటుంది?"

కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. చేతి కాయల్ని గిల్లుకుంటూ కూర్చుంది.

నాది తొందర బుద్ధి. మందు తెలిశాక రోగికి పట్టించేదాకా ఊరుకోలేను. ఆ గడి పీకేసి, సరుకంతా ఒకే పేజీలో పరిచేద్దాం, అన్నిటికీ లింకులు పెడదాం, నెల తిరిగేసరికి అన్నీ పట్టీకెక్కుతాయి అన్నాను. 'నాన్న ఒప్పుకోరు' అంది స్రవంతి. నేనే వచ్చి ఒప్పిస్తానని బడాయి పోయాను. మర్నాడు పొద్దున్నే రేపల్లె ప్యాసింజరెక్కాను.

వాళ్ళ ఇల్లు స్టేషనుకి దగ్గరే. ముందు వసారాయే పనిచోటు. లక్క వాసన, బొగ్గుల వేడి. గోడవారగా చెక్క అరల నిండా పసుపు గుడ్డల్లో కట్టిన మూటలు. వాటి కింద నేల మీద అచ్చులు. కొన్ని అరచేతిలో ఇమిడేవి, కొన్ని నేను రెండు చేతులతో ఎత్తినా లేవనివి. వీరాచారి గారు సన్నగా, నిటారుగా ఉన్నాడు. కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. మర్యాదకి కాఫీ ఇప్పించాడు గానీ నా మీద నమ్మకం కలిగినట్టు మాత్రం లేదు.

"ఏంటమ్మా, మా సైటుకి జబ్బు చేసిందంటగా?"

"గట్టి జబ్బే బాబాయ్ గారూ. సరుకంతా మూటలు కట్టి దాచేశారు. ఎవరికీ కనబడట్లేదు."

"దాచలేదమ్మా. పేరు చెబితే విప్పుతాం."

ఆయన మాట్లాడుతుండగానే నేను చెయ్యి చాచి, దగ్గర్లో ఉన్న మూట ముడి మీద వేలు పెట్టాను. ఆయన కసురుకోలేదు. ఎంతో మామూలుగా అడిగాడు.

"ఏ అమ్మవారికి తల్లీ?"

"ఊరికే చూద్దామనండి."

"ఊరికే చూసేవి కావమ్మా ఇవి. ఇది సొమ్ము. ఎవరిదో వాళ్ళ పేరు చెప్పకుండా విప్పితే, ఇంకొకరి పెట్టె తెరిచినట్టే. మా తాత విప్పలేదు, మా నాన్న విప్పలేదు. ఇయ్యాళ అమ్ముడుపోడం లేదని నేను వీధిలో పరవాలంటావా?"

అలాంటప్పుడు ఇంకెవరితోనైనా గట్టిగా వాదించేదాన్ని. ఆ పూట మాత్రం ముడి మీద వేలు వెనక్కి తీసుకున్నాను. ఎందుకో నాకే తెలియకుండా, "మాది అమృతలూరు వైపండి. మా ఊళ్ళో అంకమ్మ తల్లికి," అన్నాను.

ఆయన లేచి చేతులు కడుక్కుని వచ్చాడు. నేను వేలు పెట్టిన మూట కాదు, పై అరలోంచి వేరే మూట దించాడు. "ఎత్తెంతుంటది మీ తల్లి?" అని అడిగి, నేను మోచేతి దాకా చూపిస్తే తలూపి ముడి విప్పాడు. లోపల పూలపడగ కిరీటం. కిటికీలోంచి వచ్చే ఎండ దాని మీద పడి పైకప్పు వాసాల మీద వెలుగు కదిలింది. నేను చిన్నప్పుడెప్పుడో వదిలేసి వచ్చిన ఊరు, ఆ గుడి, కాళ్ళకు పసుపు రాసుకుని వరసలో నిలబడ్డ మా అమ్మ, అన్నీ ఒక్కసారిగా వచ్చి మీద పడ్డాయి. పేరు చెప్పకముందు అదే కిరీటం చూపిస్తే 'పని బాగుందండి' అని ఊరుకునేదాన్ని. పేరు చెప్పాక అది మా అంకమ్మది అయిపోయింది. ఆయన మొండితనంలో ఎంత అర్థముందో నాకప్పుడు తెలిసింది. ఆ తరవాత గడి పీకేద్దామన్న మాట నా నోట రాలేదు.

ఆ కిరీటం ముందు కూర్చునే ఆలోచించాను. ఆయనకు కావాల్సింది పేరు చెప్పి లోపలికి రావడం. క్రాలర్‌కి కావాల్సింది లింకు. ఈ రెండిటికీ తగవెక్కడుంది? ఖాళీ గడి పెట్టి పేరు రాయమనే బదులు, పేర్లనే తలుపులుగా పెడితే? పోలేరమ్మ అన్న మాట ఒక లింకు. గంగమ్మ ఒక లింకు. అంకమ్మ, ముత్యాలమ్మ, మహాలక్ష్మమ్మ ఒక్కొక్కరిదీ ఒక్కో లింకు. దాన్ని నొక్కినవాళ్ళు పేరు చెప్పినట్టే కదా.

ఇదే చెప్పాను ఆయనకి.

"నువ్వు చెబుతున్నావే, అదేదో తిరిగేది, దానికి అమ్మవారి పేరేం తెలుస్తది తల్లీ?"

"తెలీదు బాబాయ్ గారూ. కానీ పేరు రాసున్న తలుపులోంచే లోపలికెళ్తుంది. వేరే దారి పెట్టం."

"మరి వెతికినోళ్ళు తిన్నగా కిరీటం దగ్గరికే ఊడిపడతారంటగా. స్రవంతి చెప్పింది."

గట్టి ప్రశ్నే. సెర్చ్ ఇంజిన్ జనాన్ని గుమ్మం దగ్గర దించదు, నేరుగా లోపలి గదిలోనే దించుతుంది. దానికి బ్రెడ్‌క్రంబ్ అని ఒక ఏర్పాటుంది. ప్రతి పేజీ నెత్తిన, వచ్చిన దారి రాసి ఉంటుంది. దుకాణం, అమ్మవార్లు, పోలేరమ్మ తల్లి, కిరీటం అని వరసగా. ఎటునుంచి ఊడిపడ్డా ముందు కనబడేది అమ్మవారి పేరే, తరవాతే నగ. అది కాగితం మీద గీసి చూపిస్తే ఆయన కళ్ళజోడు దించి చూశాడు. "పేరు పైనుండాలి," అన్నాడు. అదే ఆయన ఒప్పుకోలు.

సైటు మళ్ళీ కట్టాం. మొదటి పేజీ నుంచి అమ్మవారి పేజీకి, అక్కణ్ణించి నగ పేజీకి. ఏ నగ కూడా గుమ్మానికి దూరంగా లేదు. అనాథ పేజీ అన్నది మిగల్లేదని మురిసిపోయానో లేదో, ఇంకో చిక్కు వచ్చి పడింది. ఒకే అచ్చుతో తీసిన కిరీటాన్ని పోలేరమ్మకూ పెడతారు, ముత్యాలమ్మకూ పెడతారు. అందుకని ఒకే కిరీటం నాలుగైదు తలుపుల వెనక, నాలుగైదు చిరునామాలతో ఉంది. క్రాలర్ వచ్చి వాటిని చూసిందంటే, ఇవన్నీ ఒకదానికొకటి నకళ్ళు కదా అనుకుని, తనకు తోచినదాన్ని ఒకదాన్ని ఉంచుకుని మిగతావి పక్కన పెట్టేస్తుంది. ఇలాంటప్పుడు ఏది అసలుదో మనమే చెప్పాలి. దానికి వాడే గుర్తును కెనానికల్ అంటారు. మామూలు దుకాణాల్లో ఏదో ఒకటి ఎంచి పెట్టేస్తాం, ఎవరూ పట్టించుకోరు.

ఇక్కడా అదే చెయ్యబోయాను. "ఏదో ఒకటి పెట్టేద్దాం బాబాయ్ గారూ" అన్నందుకు ఆయనకు తిక్కరేగింది.

"ఏదో ఒకటేంటమ్మా! ఏ అచ్చయినా ఒక తల్లి కోసమే తీస్తారు. తరవాత ఎవరు పెట్టుకున్నా అది ఆమెదే."

అలా మొదలైంది. ఆయన అచ్చును ఒళ్ళో పెట్టుకుని, వెనక్కి తిప్పి, తడిమి చెప్పేవాడు. స్రవంతి ఆ పేజీలో కింద ఒక వాక్యం రాసేది. 'ఈ అచ్చు కొల్లిపర పోలేరమ్మ తల్లికి తీసింది.' 'ఈ అచ్చు బాపట్ల అవతల ఒడ్డున గంగమ్మ తల్లి కళ్ళకు తీసింది.' ఆ అచ్చు ఏ తల్లి కోసం పుట్టిందో ఆ తల్లి పేజీనే కెనానికల్ చేశాం. కొన్నిటికి ఆయనకూ గుర్తు రాలేదు. వాటిని తిప్పి తిప్పి చూసి పక్కన పెట్టేశాడు. ఆ కుప్ప పెద్దదే. పేరు లేనివాటికి పేజీ కట్టనివ్వలేదు, నేనూ బలవంతపెట్టలేదు.

ఇక ఎదురుచూపులే మిగిలాయి. ఈ పనిలో అన్నిటికన్నా కష్టం అదే. మనం తలుపులన్నీ తీసి పెట్టుకుని కూర్చోవాలి, క్రాలర్ వచ్చినప్పుడే వస్తుంది. ఉగాది దగ్గరపడుతోంది. స్రవంతి రోజూ ఫోన్ చేసేది, పొయ్యి మీద పాలు కాగాయా అని మాటిమాటికీ చూసేవాళ్ళలా. "వచ్చిందా అక్కా?" అనేది. "రాలేదు." "వచ్చిందా?" "నీకు వేరే పనే లేదా?" అని కసిరేదాన్ని. కసిరి, వెంటనే నేనూ తెరిచి చూసేదాన్ని.

ఒకరోజు టిఫిన్ చేసి ఆఫీసుకొచ్చి సర్వర్ రికార్డు తెరిచాను. సైటుకి ఎవరొచ్చారో, ఏ పేజీ తరవాత ఏ పేజీ చూశారో అందులో ఉంటుంది. క్రాలర్ వచ్చింది. గుమ్మం తొక్కింది. పోలేరమ్మ తలుపు తెరిచి కిరీటం చూసింది, హస్తాలు చూసింది, పాదాలు చూసింది. బయటికొచ్చి గంగమ్మ దగ్గరికెళ్ళింది. అక్కడా అన్నీ చూసి అంకమ్మ దగ్గరికి. ఒక్కరిని కూడా వదల్లేదు. నేను ఈ పనిలో ఇలాంటి వరసలు వేలకొద్దీ చూసి ఉంటాను, ఆవులింతలొచ్చే వ్యవహారం అది. ఆ పూట మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. కళ్ళు లేవు దానికి, భక్తి లేదు, మొక్కు లేదు. అయినా మా మెట్టవాళ్ళు, లంకలవాళ్ళు, ఒడ్డువాళ్ళు కొలిచే తల్లుల్ని పేరు పేరునా పలకరించి, ఎవరి సొమ్ము ఎవరిదో రాసుకుని వెళ్ళింది. మనుషులు కట్టిన యంత్రమే కదా అని నాకు నేను చెప్పుకున్నాను గాని, చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. మందుల షాపు కుర్రాళ్ళు చూడలేదు కాబట్టి సరిపోయింది.

కొన్నాళ్ళకు పేజీలు పట్టీలోకి ఎక్కాయి. జనం ఏ మాటలు వెతికితే మన పేజీ కనబడిందో తెలిపే నివేదిక ఒకటి వస్తుంది. అది తీసుకుని రేపల్లె వెళ్ళాను. వసారాలో రెండు గోనెసంచులు కట్టి ఉన్నాయి. అచ్చులే. వ్యాపారి ఆ వారంలోనే వస్తానన్నాడట. స్రవంతి నా వంక చూసి తల తిప్పేసుకుంది.

నివేదిక ఆయన చేతికిచ్చాను. ఆయన పైకి చదవడం మొదలుపెట్టాడు. "పోలేరమ్మ తల్లి కిరీటం. గంగమ్మ వెండి కళ్ళు. ముత్యాలమ్మ ముక్కుపుడక. మా ఊరి మహాలక్ష్మమ్మకి పాదాలు..." చదువుతున్న కొద్దీ గొంతు తగ్గిపోయింది.

"వీళ్ళంతా ఎవరమ్మా?"

"తెలీదండి. ఎక్కడెక్కడివాళ్ళో."

"ఇదంతా నువ్వు రాయించావా?"

"లేదండి. వాళ్ళంతట వాళ్ళు ఫోన్లో కొట్టిన మాటలే. ఒక ఖాళీ గడి ఉంటుంది కదా వెతకడానికి, అందులో."

ఆయన కాగితం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. "పేరు చెప్పే అడుగుతున్నారే," అన్నాడు. ఇంకోసారి అన్నాడు. మూడు తరాలుగా ఆ వసారాలో అడిగిన ప్రశ్న ఒకటే. ఆ ప్రశ్న వినకుండానే ఎక్కడెక్కడో కూర్చున్న మనుషులు దానికి జవాబు చెబుతూనే ఉన్నారు. వాళ్ళకి ఈ ఇల్లున్నట్టు తెలియదు, ఈ ఇంటికి వాళ్ళున్నట్టు తెలియదు. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నాడు. అయినా సంచులు విప్పమనలేదు. వెతకడం వేరు, రావడం వేరు అన్నాడు. అదీ నిజమే.

చివరికి ఒకామె వచ్చింది, బాపట్ల నుంచి. ఆదిలక్ష్మి అని, ఒడ్డున చేపల వ్యాపారం చేసే మనిషి. ముందు ఫోన్ చేసింది. మర్నాడు ఇంకో ఇద్దరు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని రేపల్లె వచ్చేసింది. స్రవంతి కబురు పెడితే నేనూ పరిగెత్తాను. ఆదిలక్ష్మి గుమ్మంలో చెప్పులు విడిచి, లోపలికి రాకుండా నిలబడింది.

"ఏ అమ్మవారికి తల్లీ?" అన్నాడు వీరాచారి గారు.

"మా గంగమ్మ తల్లికండి. తుఫానొచ్చినప్పుడు గుళ్ళోకి నీళ్ళొచ్చి సొమ్మంతా కొట్టుకుపోయిందండి. కళ్ళు కూడా పోయాయి. కొత్తవి తెప్పించాం, ఎక్కడో పెద్ద ఊరి నుంచి. బాగా మెరుస్తాయండి. కానీ..." ఆగింది. పక్కామె మోచేత్తో పొడిచింది. "కానీ ఆ కళ్ళతో మా తల్లి మమ్మల్ని చూడట్లేదండి. ఎటో చూస్తా ఉంటది. పడవ నీళ్ళలోకి తొయ్యాలంటే మావోళ్ళకి ధైర్యం చాలట్లేదు. మొన్న మా అమ్మాయి ఫోన్లో వెతికితే మీది కనపడింది. బాపట్ల ఒడ్డున గంగమ్మ తల్లి కళ్ళకి తీసిన అచ్చు అని రాశారు కదండీ. అది మా తల్లిదేనండి. ఆ ఒడ్డున గంగమ్మ గుడి మాదొక్కటే."

వీరాచారి గారు గోనెసంచుల వైపు చెయ్యి చూపించాడు. స్రవంతే వెళ్ళి సంచి మూతి విప్పింది. కంచు మీద కంచు పడిన చప్పుడు తప్ప వసారాలో ఇంకే అలికిడీ లేదు. అచ్చు అడుగున ఉంది. రెండు కళ్ళు, ఒక కంటి చివర కాస్త అరిగిపోయి ఉంది. వారం గడిచి ఉంటే అది ఏ గంటగానో, చెంబుగానో మారిపోయేది.

అరిగిన చోట రేకు మీద రూపం సరిగా దిగలేదు. ఆ మూల స్రవంతే ఉలితో తీర్చింది. తండ్రి పక్కన కూర్చున్నాడు గాని చెయ్యి పెట్టలేదు. ఒక్కసారి మాత్రం "రెప్ప కొంచెం కిందికి. పిల్లల్ని చూసే కళ్ళమ్మా," అన్నాడు.

కళ్ళు పెట్టిన రోజు మేమూ వెళ్ళాం. ఇసుకలో చిన్న గుడి, పొద్దుటి ఎండ, ఆ వెనక సముద్రం. పూజారి పెద్ద ఊరి నుంచి తెప్పించిన కళ్ళు తీసి స్రవంతి చెక్కినవి అతికాడు. ఆదిలక్ష్మి ముందు ఎడమ వైపు నిలబడి చూసింది. తరవాత కుడి వైపుకి వెళ్ళింది. తరవాత ఎదురుగా వచ్చి నోరు నొక్కుకుంది.

"చూస్తందండి," అంది. "మా తల్లి చూస్తంది."

ఆ మాటకు ఆడవాళ్ళంతా ఒక్కసారిగా ఏడ్చారు. నేనూ ఏడ్చాను, అందులో దాచుకోవడానికేముంది? స్రవంతి మాత్రం ఏడవకుండా తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుంది, అవి తనవేనా అన్నట్టు.

వెనక్కి వచ్చేటప్పుడు బస్సులో వీరాచారి గారు నా పక్కన కూర్చున్నాడు. "ఆ తిరిగేది ఈ ఒడ్డుకి కూడా వచ్చిందంటావా?" అని అడిగాడు. రాదు, మన పేజీ దాకానే వస్తుందన్నాను. "మరి ఈమెను మా ఇంటికి తీసుకొచ్చిందెవరు?" అన్నాడు. లింకులు, కెనానికల్, ఇండెక్సు అని చెప్పొచ్చు. అన్నీ నిజాలే. కానీ ఆ బస్సులో అవేవీ చాలినట్టు అనిపించలేదు.

ఈ పని నాకు నేర్పిందేమిటంటే, పేజీ ఉండటం వేరు, దానికి దారి ఉండటం వేరు. అది నేను అందరికీ చెప్పే మాటే, మొదటి రోజు స్రవంతికి చెప్పిందీ అదే. దాని బరువు మాత్రం ఆ ఒడ్డున తెలిసింది. దారి లేని పేజీకి అవతల ఎవరో ఒకరు నిలబడి ఉంటారు. ఇప్పుడు ఏ దుకాణం సైటు తెరిచినా, అందులో ఏ లింకూ వెళ్ళని పేజీ కనబడితే, దాని కోసం ఎవరు వెతుకుతున్నారో అనుకోకుండా ఉండలేను.

వ్యాపారిని ఖాళీ ఆటోతో పంపించేశారు. స్రవంతి ఇప్పుడు ఆ వసారాలోనే కూర్చుని పని చేస్తోంది. వ్యాపారి వెళ్ళిన నాలుగు రోజులకు వీరాచారి గారు తనే నాకు ఫోన్ చేశాడు. పేరు గుర్తురాక పక్కన పెట్టిన అచ్చుల సంగతి.

"వాటికీ ఒక తలుపు పెట్టాలమ్మా."

"పేరు లేనిదే పెట్టొద్దన్నారు కదా బాబాయ్ గారూ?"

"పేరు లేకపోడమేంటి? మేం మర్చిపోయాం, అంతే. వాళ్ళ పిల్లలకి గుర్తుంటది."

పెట్టాం. మొదటి పేజీలో, మిగతా తల్లుల పేర్ల వరసలోనే, 'మేము పేరు మరచిన తల్లులు' అని. లోపల ఒక్కో అచ్చు ఫొటో, దాని కింద అదే పాత ప్రశ్న, 'ఏ అమ్మవారిది?' అని. ఆ పేజీ చూసి ఇంతవరకూ ఎవరూ ఫోన్ చెయ్యలేదు. క్రాలర్ మాత్రం వస్తుంది, ఒక్కో అచ్చునూ చూసి వెళుతుంది, మళ్ళీ వస్తుంది.